ఇంటికి కంప్యూటర్ వచ్చింది... ఏమేం వేద్దాం?

పిల్లల చదువులు, ఉద్యోగ దరఖాస్తులు, పెళ్లి ఫొటోలు, బ్యాంకు పనులు... అన్నీ ఒక్క కంప్యూటర్‌లోకే చేరుతున్న రోజులివి. అందులో వేసుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ మాత్రం మనం అనుకున్నంత ఎక్కువేం కాదు. చాలావరకు ఉచితం కూడా. ఏది ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, ఏది మొదటి రోజే తీసేయాలి అన్నది తెలిస్తే చాలు.

కొత్త కంప్యూటర్ ఏదీ ఇంటికి ఖాళీగా రాదు. అసెంబుల్డ్ పీసీ అయితే ‘అన్నీ వేసేశాం సార్, ఇంకేం అక్కర్లేదు’ అని చెప్పి ఇచ్చే షాపులు చాలానే ఉన్నాయి. ఆ ‘అన్నీ’లో తరచుగా ఉండేవి లైసెన్సు లేని విండోస్, దాన్ని అసలుదని నమ్మించే యాక్టివేటర్, క్రాక్ చేసిన ఫొటోషాప్, మూడు నాలుగు వీడియో ప్లేయర్లు. ఇలాంటి యాక్టివేటర్లు పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపేయాలి. అలా ఆపినదాన్ని మళ్లీ ఆన్ చేసేవాళ్లు అరుదు. తర్వాత అదే కంప్యూటర్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాం, పిల్లల ఆధార్ కార్డులు దాచుకుంటాం.

పెద్ద కంపెనీ లాప్‌టాప్‌కు ఈ బెడద ఉండదు కానీ దానిది ఇంకో తీరు. నెల రోజుల ట్రయల్ యాంటీవైరస్, ఎవరూ అడగని ఆటలు, షాపింగ్ యాప్‌లు దాంతోపాటే వస్తాయి.

ఈ కథనంలో చెప్పబోయే ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఒకటే పరీక్ష. రేపు దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడినా, మనం చందా కట్టడం మానేసినా, అసలు ఈ కంప్యూటరే పాడైపోయినా మన రాతలు, మన ఫొటోలు మన చేతికి తిరిగొస్తాయా? వస్తాయంటే వేసుకోవచ్చు. రావంటే ఎంత పేరున్నదైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

మొదటి రోజు పనులు

మొదటి రోజు వేసేవాటికన్నా తీసేవే ఎక్కువ. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి ట్రయల్ యాంటీవైరస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. అది ఉన్నంతసేపూ విండోస్‌తోపాటే వచ్చే డిఫెండర్ పక్కకు తప్పుకొని ఉంటుంది, అది పోగానే తనంతట తాను పనిలోకి దిగుతుంది. ఇంటి వాడకానికి డిఫెండర్ సరిపోతుంది. ట్రయల్ గడువు ముగిసి, రోజూ డబ్బులు కట్టమని గుర్తుచేసే యాంటీవైరస్ మీద భరోసా పెట్టుకోవడం కన్నా ఇది ఎంతో నయం.

తర్వాత అప్‌డేట్లు. ‘నెట్ అయిపోతుంది’, ‘కంప్యూటర్ స్లో అయిపోతుంది’ అని వీటిని ఆపించుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. విండోస్ 10కి మామూలు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఇప్పుడు కొత్తగా కొనే కంప్యూటర్‌లో విండోస్ 11 ఉండాల్సిందే.

మూడో పని చాలామందికి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ మొత్తం బిట్‌లాకర్ అనే ఏర్పాటుతో దానంతటదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. లాప్‌టాప్ ఎవరైనా ఎత్తుకుపోయినా లోపలి ఫైళ్లు చదవలేరు, అంతవరకు మంచిదే. కానీ మదర్‌బోర్డు మార్చినప్పుడో, బయోస్ అప్‌డేట్ అయినప్పుడో తెర నీలంగా మారి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. సర్వీస్ సెంటర్ అబ్బాయి ‘కీ ఉందా అండీ?’ అంటాడు. మనకు ఆ మాట వినడమే అదే మొదటిసారి. ఆ కీ మన మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగానే ఉంటుంది. కానీ ఆ ఖాతా తెరిచింది షాపువాళ్లు, ఏ ఈమెయిల్‌తో తెరిచారో ఎవరికీ గుర్తులేదు. ఆ కీ లేకపోతే లోపలున్న ఫొటోలు ఇంకెవ్వరూ తీయలేరు. అందుకే ఖాతా మీ సొంత ఈమెయిల్‌తో మీరే తెరవండి. బిట్‌లాకర్ రికవరీ కీని ఆ ఖాతాలో వెతికి, కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టండి. ఈ కథనంలో ఒక్క సలహానే పాటిస్తానంటే నేను ఇదే పాటించమంటాను.

అదే ఖాతాతో వన్‌డ్రైవ్ కూడా మొదలవుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను అది చాలాసార్లు తన కిందకు తెచ్చేసుకుంటుంది. ఉచితంగా ఇచ్చే చోటు 5 జీబీ. ఫోన్ నుంచి ఒక శుభకార్యం ఫొటోలు దించితే చాలు, నిండిపోయిందనీ డబ్బులు కట్టమనీ హెచ్చరికలు మొదలవుతాయి. కంగారుపడి వన్‌డ్రైవ్‌లో ఫైళ్లు తీసేస్తే కంప్యూటర్‌లోనూ పోతాయి. వాడదలచుకోకపోతే ఫొటోలు ఎక్కించకముందే వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో ఫోల్డర్ల బ్యాకప్‌ను ఆపేయండి.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి?

మంచి సాఫ్ట్‌వేర్ పేరు తెలిసినా అది దొరికే చోటు తెలియకపోతే లాభం లేదు. గూగుల్‌లో వెతికితే పైన వచ్చేవి చాలాసార్లు ప్రకటనలు. వాటిలో అసలు సైటును అచ్చంగా పోలిన నకిలీలూ దూరుతుంటాయి. మరికొన్ని సైట్లలో పెద్దపెద్ద పచ్చ డౌన్‌లోడ్ బటన్లు నాలుగు కనిపిస్తే అసలుది మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. విండోస్‌లోని మైక్రోసాఫ్ట్ స్టోర్ ఒక సురక్షితమైన దారి. నైనైట్ అనే సైటు ఇంకొకటి. అక్కడ కావాల్సినవాటికి టిక్ పెడితే ఒకే చిన్న ఫైలు వస్తుంది. దాన్ని నడిపితే అన్నిటినీ వాటి సొంత చోట్ల నుంచే తెచ్చి, మధ్యలో ఏ టూల్‌బార్నీ అంటగట్టకుండా వేసేస్తుంది. కొత్త కంప్యూటర్‌కు నేను వాడేది ఇదే.

బ్రౌజర్ల విషయంలో నా ఓటు ఫైర్‌ఫాక్స్‌కి. 2004 నుంచి మనుగడలో ఉంది, మెనూలు తెలుగులోనూ ఉన్నాయి. ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి శక్తితో పనిచేసేది దీనిలోనే. క్రోమ్‌లో ఇప్పుడు దాని తేలికపాటి రూపం మాత్రమే నడుస్తోంది. వేసుకునేటప్పుడు పేరులో ‘ఆరిజిన్’ అని ఉందో లేదో చూసుకోవాలి, అది లేనిది వేరే ఎక్స్‌టెన్షన్. ప్రకటనలు ఆపడం కేవలం చిరాకు తగ్గించుకోవడానికే కాదు. పైన చెప్పిన నకిలీ డౌన్‌లోడ్ బటన్లలో చాలావరకు ప్రకటనలే, అవి అసలు కనిపించకుండానే పోతాయి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకో మాట తప్పక చెప్పాలి. ఏదైనా సైటు నోటిఫికేషన్లు పంపడానికి ‘అలో’ నొక్కమంటే నొక్కకూడదు. కుడి మూలన ‘మీ కంప్యూటర్‌లో వైరస్’ అంటూ వచ్చే బెదిరింపుల్లో చాలావాటికి మూలం ఎప్పుడో నొక్కిన ఆ అలోనే.

ఉత్తరం రాయాలన్నా, ఇంటి లెక్కలు వేసుకోవాలన్నా ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. కొన్ని లాప్‌టాప్‌ల ధరలోనే ఎంఎస్ ఆఫీస్ కలిసి వస్తుంది. బిల్లు మీదో, డబ్బా మీదో ఆ సంగతి రాసి ఉంటే గడువు దాటకుండా యాక్టివేట్ చేసుకోండి, ఊరికే వదిలేయొద్దు. రాకపోతే క్రాక్ జోలికి పోనక్కర్లేదు, లిబ్రే ఆఫీస్ ఉంది. జర్మనీలో స్టార్ ఆఫీస్‌గా పుట్టి, 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ చేతికి వచ్చి, ఓపెన్ ఆఫీస్‌గా మారిన సాఫ్ట్‌వేర్ ఇది. ఆ తర్వాత దాన్ని ఒక కంపెనీ ఇష్టాయిష్టాలకు వదలలేక, రాసినవాళ్లే 2010లో ది డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని లిబ్రే ఆఫీస్‌గా కొనసాగించారు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు ఇందులో తెరుచుకుంటాయి. హంగులెక్కువున్న వర్డ్ ఫైలు తెరిస్తే పేజీ అమరిక కాస్త అటూఇటూ అవుతుంది కాబట్టి ఎవరికైనా పంపేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి పంపడం మేలు. ఆఫీసు పనికి మాక్రోలున్న ఎక్సెల్ తప్పనిసరైతే మాత్రం ఎంఎస్ ఆఫీస్ కొనుక్కోవాల్సిందే.

తెలుగులో రాయాలంటే...

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారు తమ ఊరి చరిత్రను ఏళ్ల తరబడి సేకరించి డీటీపీ సెంటర్లో కొట్టించారు. పుస్తకం అచ్చయింది. ఫైలు సీడీలో ఇచ్చారు. ఈమధ్య రెండో ముద్రణ వేద్దామని ఆ ఫైలును కొత్త లాప్‌టాప్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు గజిబిజిగా కనిపించాయి. ‘ఇదేంటి బాబూ, నా పుస్తకం ఏమైపోయింది?’ అని ఆయన అడిగిన తీరు చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

పుస్తకం ఎక్కడికీ పోలేదు. అది అను ఫాంట్లతో కొట్టిన ఫైలు. మన డీటీపీ సెంటర్లలో చాలాకాలం రాజ్యమేలిన పద్ధతి అది. పేజ్‌మేకర్‌లో అను స్క్రిప్ట్ వేసుకుని శుభలేఖల నుంచి కవితా సంపుటాల దాకా అన్నీ అలాగే కొట్టారు. అందులో తెలుగు ‘క’ నిజానికి ‘క’గా భద్రం కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గడిలో తెలుగు బొమ్మ ఉంటుందంతే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఆ గడిలోని ఇంగ్లిష్ అక్షరమే బయటికొస్తుంది. యూనికోడ్ అనే ప్రమాణంలో అలా కాదు. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు తన సొంత స్థానాలు ఉన్నాయి. యూనికోడ్‌లో రాసిన తెలుగు ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ఫోన్‌లో చూసినా తెలుగే. గూగుల్‌లో వెతికినా దొరుకుతుంది.

కాబట్టి కొత్త కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్‌కు ఏ క్రాక్ ఫాంటు ప్యాకేజీనీ వేయించుకోవద్దు. విండోస్‌లోనే అన్నీ ఉన్నాయి. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి భాషల్లో తెలుగును చేర్చండి. కీబోర్డు ఆప్షన్లలో తెలుగు ఫొనెటిక్ ఎంచుకోండి. 2019 నుంచి విండోస్‌లో ఇది ఉంది. ఫోన్‌లో కొట్టినట్టే ఇంగ్లిష్ అక్షరాలతో ‘అమ్మ’ అని కొడితే తెలుగులో ‘అమ్మ’ వస్తుంది, పక్కనే ఇంకొన్ని సూచనలూ చూపిస్తుంది. ఇంగ్లిష్‌కు మారాలంటే విండోస్ బటన్ పట్టుకుని స్పేస్ నొక్కితే సరి. ఒకప్పుడు అందరూ వాడిన గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ విండోస్ వెర్షన్‌ను గూగుల్ ఎప్పుడో ఆపేసింది. ఆ పేరుతో ఇప్పటికీ ఎక్కడెక్కడో దొరికే ఇన్‌స్టాలర్ల జోలికి వెళ్లొద్దు. ఏదీ వేయకుండా అప్పటికప్పుడు నాలుగు ముక్కలు రాసుకోవాలంటే ‘లేఖిని’ సైటు ఉంది.

రోజూ తెలుగు రాసేవాళ్లకు మాత్రం నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకోమనే చెబుతాను. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వచ్చేలా దాన్ని అమర్చారు. మొదటి పది పదిహేను రోజులు విసుగొస్తుంది. ఆ తర్వాత ఇంగ్లిష్ స్పెల్లింగ్ మధ్యలో అడ్డు లేకుండా తెలుగు నేరుగా వేళ్ల నుంచి వస్తుంది. భారతీయ భాషలన్నిటికీ అమరిక ఒకటే కావడంతో హిందీ, కన్నడం టైప్ చేయాల్సి వచ్చినా చెయ్యి తిరుగుతుంది.

అక్షరాల అందానికి కొరతేం లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి, గురజాడ, ఎన్టీఆర్ వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. మాస్టారి పుస్తకం సంగతికొస్తే, అను రాతను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక వత్తులు, పొల్లులు అక్కడక్కడా చెదురుతాయి కాబట్టి పాత ప్రతి పక్కన పెట్టుకుని ఒకసారి చదువుకోవాలి. ఆయన ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నారు. మీ ఇంట్లోనూ అలాంటి సీడీ ఉంటే, కొత్త కంప్యూటర్‌తో చేయాల్సిన మొదటి మంచి పని దాన్ని యూనికోడ్‌లోకి తెచ్చుకోవడమే.

50 కేబీ ఫొటో

ఉద్యోగ నోటిఫికేషన్ పడగానే ఇంట్లో మొదలయ్యే తంతు ఒకటుంది. ఫొటో 50 కేబీ లోపు ఉండాలి, సంతకం 30 కేబీ లోపు ఉండాలి, సర్టిఫికెట్లన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ కావాలి. ఆఖరి రోజు రాత్రి పదకొండింటికి సైటు నత్తనడక నడుస్తుంటే ‘పీడీఎఫ్ కంప్రెస్’ అని వెతికి, మొదట కనిపించిన సైటులో ఆధార్, పదో తరగతి మార్కుల మెమో, కుల ధ్రువీకరణ పత్రం ఎక్కించేస్తాం. ఆ సైటు ఎవరిదో, ఆ కాగితాలు ఎక్కడ ఉండిపోతాయో అప్పుడు పట్టించుకోం.

ఈ పనులన్నీ నెట్‌తో నిమిత్తం లేకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు. పీడీఎఫ్‌లను కలపడానికి, విడదీయడానికి పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఉచితం. ఫొటోకు ఇర్ఫాన్‌వ్యూ. బోస్నియాలో పుట్టిన ఇర్ఫాన్ ష్కిల్యాన్ అనే ప్రోగ్రామర్ 1996లో విడుదల చేసి, ఇప్పటికీ ఇంటి వాడకానికి ఉచితంగానే ఇస్తున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఇది. దాని ప్లగిన్లు కూడా కలిపి వేసుకోండి. ఫొటో తెరిచి, ముఖం వరకు గీత గీసి క్రాప్ చేసి, జేపీజీగా సేవ్ చేసేటప్పుడు పక్కన వచ్చే చిన్న కిటికీలో ‘సెట్ ఫైల్ సైజ్’ దగ్గర టిక్ పెట్టి 45 అని కొడితే చాలు, 50 కేబీ లోపు ఫొటో సిద్ధం. పీడీఎఫ్‌లు చదవడానికి ప్రత్యేకంగా ఏదీ అక్కర్లేదు, బ్రౌజరే చూపిస్తుంది. జిప్, రార్ ఫైళ్లు విప్పడానికి 7-జిప్ వేసుకుంటే మళ్లీ దాని గురించి తలచుకోనక్కర్లేదు.

పెళ్లి వీడియోలు

వీఎల్‌సీ ప్లేయర్ ఆరెంజ్ కోన్ గుర్తు తెలియనివాళ్లు ఉండరు. 1996లో పారిస్ శివారులోని ఎకోల్ సాంత్రాల్ అనే ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. 2001లో కాలేజీ ఒప్పుకున్నాక సోర్స్ కోడ్ అందరిదైంది. ఇప్పుడు లాభాపేక్ష లేని వీడియోలాన్ సంస్థ నడుపుతోంది, ప్రకటనలు లేవు, చందా లేదు. 2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలో దాని సైటు తెరుచుకోలేదు. దాన్ని ఆపిన ప్రభుత్వం అప్పట్లో కారణమేమీ బయటికి చెప్పలేదు. వీడియోలాన్ లీగల్ నోటీసు పంపాక నవంబర్‌లో నిషేధం ఎత్తేశారు. అసలు సైటు మూసి ఉన్న ఆ నెలల్లో వీఎల్‌సీ కావాల్సినవాళ్లు ఊరూపేరూ లేని సైట్ల వైపు వెళ్లే ముప్పు ఏర్పడింది. సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా అసలు చోటు నుంచి అందకపోతే ఎంత ప్రమాదమో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

మన ఇళ్లలో వీఎల్‌సీకి ఇంకో ముఖ్యమైన పని ఉంది. 2000 ప్రాంతాల్లో జరిగిన పెళ్లిళ్లు, బారసాలలు వీడియో సీడీల్లో ఉండిపోయాయి. లోపల చూస్తే ‘.dat’ అనే రకం ఫైళ్లుంటాయి. కొత్త ప్లేయర్లు చాలావరకు వాటిని గుర్తుపట్టవు, వీఎల్‌సీ ఆడిస్తుంది. కొత్త లాప్‌టాప్‌లకు సీడీ డ్రైవ్ ఉండటం లేదు కాబట్టి యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కొనండి, లేదా ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఆ ఫైళ్లను హార్డ్ డిస్క్‌లోకి దించండి. సీడీల మీది పొర ఊడిపోతోంది, ఇంకో పదేళ్లు ఆగుతాయన్న నమ్మకం లేదు.

నాన్న కంప్యూటర్, డల్లాస్‌లో అబ్బాయి

విజయవాడలో తల్లిదండ్రులు, డల్లాస్‌లో పిల్లలు. ఇలాంటి ఇళ్లలో కంప్యూటర్ బాగుచేసేది ఫోన్‌లోనే. ‘నాన్నా, కింద ఎడమ పక్కన ఏముంది?’ ‘ఏం లేదురా.’ అరగంట గడిచినా పని తెగదు. విండోస్‌లోనే క్విక్ అసిస్ట్ అనే సాధనం ఉంది. అబ్బాయి తన దగ్గర కోడ్ తీసుకుని చెబుతాడు, నాన్న దాన్ని కొట్టి అనుమతిస్తే ఇక్కడి స్క్రీన్ అక్కడ కనిపిస్తుంది.

ఎనీడెస్క్ లాంటివీ ఇదే పని చేస్తాయి. మోసగాళ్లకూ కావాల్సింది ఇదే. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంక్ ఎనీడెస్క్ పేరు చెప్పి మరీ బ్యాంకులను హెచ్చరించింది. కేవైసీ అనో, కరెంటు బిల్లు అనో ఫోన్ చేసి ఇలాంటి యాప్ వేయిస్తారు, తర్వాత మన స్క్రీన్ వాళ్ల చేతిలో ఉంటుంది. ఇంట్లో పెట్టుకోవాల్సిన నియమం చిన్నదే. ఫోన్ మనమే చేసి సాయం అడిగితేనే కోడ్ కొట్టాలి, అవతలి నుంచి ఫోన్ వస్తే కొట్టకూడదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు.

ఇక పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి బిట్‌వార్డెన్ ఉచిత వెర్షన్ చాలు. ఇంటర్నెట్‌లో పెట్టడం ఇష్టం లేకపోతే కీపాస్ ఎక్స్‌సీ పాస్‌వర్డ్‌ల ఫైలును మీ కంప్యూటర్‌లోనే ఉంచుతుంది. పెద్దవాళ్లకు ఈ రెండూ కుదరకపోతే బీరువాలో ఒక డైరీ పెట్టి రాసుకోమనండి. అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ వాడటం కన్నా ఆ డైరీ వెయ్యి రెట్లు మేలు. పిల్లలకు బొమ్మలు గీసే టక్స్ పెయింట్, ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్, ఆకాశాన్ని చూపే స్టెల్లేరియం మూడూ ఉచితమే.

కొత్తది వచ్చాక మూలన పడే పాతదాన్ని తూకానికి అమ్మేయకండి. విండోస్ 11కు పనికిరాని కంప్యూటర్లు కూడా చాలావరకు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో హాయిగా నడుస్తాయి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, డిస్క్‌ను ముట్టుకోకుండానే ముందు నడిపి చూడొచ్చు. వైఫై, ప్రింటర్, సౌండ్ పనిచేస్తే ఇక వేసేయడమే.

బ్యాకప్

ఇన్ని వేసుకున్నాక చివరగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనాలి. విండోస్‌లో ఉన్న ఫైల్ హిస్టరీ మన డాక్యుమెంట్లు, ఫొటోలను దానిలోకి కాపీ చేస్తుంది. అదీ తెలియకపోతే నెలకోసారి ఫోల్డర్లు పట్టుకెళ్లి అందులో పేస్ట్ చేసినా సరే. కాపీ అయ్యాక కేబుల్ పీకి పక్కన పెట్టాలి. రాన్సమ్‌వేర్ వస్తే తగిలించి ఉన్న డిస్కును కూడా వదలదు. డిస్క్ ఏళ్ల తరబడి ఆగుతుందని నమ్మొద్దు, అప్పుడప్పుడూ తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. వీలైతే ఇలాంటిదే ఇంకో డిస్క్ అక్కయ్య ఇంట్లోనో, సొంతూళ్లోనో ఉంచండి. పండక్కి వెళ్లినప్పుడు ఈ డిస్క్ అక్కడ పెట్టి, అక్కడిది తెచ్చుకుంటూ ఉండొచ్చు.